మెదడు పొరలకు చీము పట్టడం ఎందువలన?



"వెన్నులో నీరు తీయనివ్వం సిస్టరుగారూ, నడుము పడిపోతుందట!" వార్డులో మేము తరచు వినే మాట ఇది. ఈ భయంతో గంటలు గడిచిపోతాయి. ఆలస్యమైన కొద్దీ రోగి వినికిడి, ఒక్కోసారి ప్రాణమే పోవచ్చు. అందుకే ఈసారి మెనింజైటిస్ గురించి వివరిస్తున్నాము.

మెదడును, వెన్నుపామును కప్పి పలుచని పొరలు ఉంటాయి. బాక్టీరియా క్రిములు వాటికి చేరి వాపు, చీము కలిగించడమే ఈ జబ్బు. మనం "మెదడువాపు" అనేది ఎక్కువగా వైరస్ వలన వచ్చే వేరే జబ్బు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 183 మంది పిల్లలను బలిగొన్న జ్వరానికి చాందీపుర వైరస్ కారణమని పరిశోధకులు తేల్చారు. దానికి ప్రత్యేకమైన మందు లేదు. బాక్టీరియాకు మాత్రం మందు ఉంది, అది వేళకు పడాలి.

క్రిములు ఎలా చేరతాయి?

1. నెలలోపు శిశువులకు: కాన్పు సమయంలో తల్లి నుండి, శుభ్రం లేని చేతుల నుండి, బొడ్డుకు పూసే బూడిద, పసుపుల నుండి.

2. పిల్లలకు, పెద్దలకు: ముక్కు, గొంతులలో ఉండే న్యూమోకాకస్, హిబ్, మెనింగోకాకస్ క్రిములు రక్తంలోకి దిగి మెదడు పొరలకు చేరతాయి. నెమ్ము చేసినవారికి, షుగరు ఉన్నవారికి, వృద్ధులకు ప్రమాదం ఎక్కువ.

3. చెవిలో చీము: చెవి వెనుక ఎముక దాటితే మెదడు దగ్గరే. నూనె పోసి ఊరుకోకండి. తలకు దెబ్బ తగిలాక ముక్కు నుండి నీరు కారినా చూపించండి.

4. క్షయ: ఇది మెల్లగా వస్తుంది. రెండు మూడు వారాలు జ్వరం, తలనొప్పి, తర్వాత మగత.

5. ఆసుపత్రిలో: మెదడు ఆపరేషన్ల తర్వాత మొండి క్రిములు చేరవచ్చు. మా చేతులు మేము కడుక్కోవడం మా బాధ్యత. మరచిపోతే మీరు గుర్తు చేయండి.

వెన్ను నీరు ఎందుకు?

ఏ క్రిమో తెలిస్తేనే సరైన మందు. వెన్నుపాము ముగిసిన చోటికి దిగువనే సూది వేస్తారు కనుక నడుము పడిపోతుందనే భయం వద్దు. కొద్ది రోజులు తలనొప్పి ఉండవచ్చు. మామూలుగా ఆ నీరు తేటగా ఉంటుంది, చీము పడితే మసకబారుతుంది. మెదడులో ఒత్తిడి ఎక్కువని అనుమానం ఉంటే డాక్టర్లు ముందు స్కాను చేయిస్తారు, మందు మాత్రం ఆపరు.

మరొక విషయం. నాగాయలంక, కోడూరు వైపు నుండి వచ్చేసరికే చాలామందికి ఊరిలో రెండు మూడు సూదులు పడి ఉంటాయి. సగం మందుతో జబ్బు పోదు, క్రిమి మాత్రం పరీక్షలో దొరకదు. మేము కోప్పడతామని ఆ సంగతి దాస్తారు. కోప్పడము, చీటీ తీసుకురండి.

టీకాలు మరువవద్దు

పుట్టగానే బి.సి.జి. టీకా, పిల్లలలో క్షయ మెనింజైటిస్‌ను చాలావరకు ఆపుతుంది. హిబ్ టీకా పెంటావాలెంట్‌లో ఉంది: 6, 10, 14 వారాలకు. న్యూమోకాకస్ టీకా 2021 నుండి దేశమంతటా ఉచితం: 6, 14 వారాలకు, 9వ నెలలో. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆధ్వర్యంలో 1993 నుండి 1997 వరకు ఆరు ఆసుపత్రులలో జరిగిన పరిశీలన ఈ రెండు క్రిముల బెడదను బయటపెట్టింది.

వెంటనే రావలసిన గుర్తులు

జ్వరంతో తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మెడ పట్టేయడం, మగత, ఫిట్స్. పసిబిడ్డ పాలు తాగకపోయినా, మాడు ఉబ్బినా, ఏడుపు ఆగకపోయినా తెల్లవారేదాకా ఆగవద్దు. 108కు ఫోను చేయండి. మచిలీపట్నం, గుడివాడ, ఏది దగ్గరైతే అక్కడికి చేరండి.

ప్రార్థన చేయండి. ప్రార్థిస్తూనే బయలుదేరండి. ప్రభువు మీ కుటుంబాలను కాపాడును గాక. ఆమేన్.