ఒకే నూలు - పది రకాల బట్టలు

మీరు తొడుక్కున్న నూలు చొక్కాను ఒకసారి భూతద్దంతో చూడండి. నిలువుగా కొన్ని దారాలు, అడ్డంగా కొన్ని దారాలు కనిపిస్తాయి. నిలువు దారాలను పడుగు అనీ, అడ్డదారాలను పేక అనీ అంటారు. పేక ఒక పడుగు దారం పైనుంచి, దాని పక్కదారం కిందనుంచి పోతుంది. తరువాతి వరుసలో ఇది తారుమారవుతుంది. సాదా నేత అంటే ఇంతే! మరి ఇంత సులువైన పని నేర్చుకోవడానికి నెలలెందుకు పడతాయి?

కొత్తగా నేర్చుకునే పదిమందిని పది చేమగ్గాల ముందు కూర్చోబెట్టి, అందరికీ ఒకే నూలు ఇచ్చారనుకోండి. పదిమందీ నేసిన బట్టలు పది రకాలుగా ఉంటాయి. ఒకరిది జల్లెడలా పలచగా, ఒకరిది అట్టలా బిరుసుగా ఉంటుంది. ఇంకొకరి బట్ట పోనుపోను వెడల్పు తగ్గిపోతుంది. ఎందుకని?

పేక తిన్నగా పోదు, పడుగు దారాల మీదుగా ఎక్కుతూ దిగుతూ పోతుంది. అందుచేత దాని పొడవు బట్ట వెడల్పు కంటే కాస్త ఎక్కువ ఉండాలి. నాడెను విసిరాక దారాన్ని బిగలాగితే ఆ కాస్తా ఉండదు. అంచు దారాలు లోపలికి జరుగుతాయి. దీనిని ఆపడానికే నేతగాళ్ళు బట్టకు అడ్డంగా, రెండంచులకూ బిగించి ఒక పుల్ల పెడతారు. ఇక దువ్వెన పళ్ళలాంటి పన్నెతో పేకను దగ్గరకు కొట్టే దెబ్బ ఉంది. దెబ్బ గట్టిదైతే అంగుళానికి ఎక్కువ దారాలు ఇముడుతాయి, మెత్తనిదైతే తక్కువ ఇముడుతాయి. ప్రతి దెబ్బా ఒకేలా పడాలంటే చేతికి అలవాటు కావాలి.

వాతావరణం కూడా ఒక గురువే. నూలు దారానికి తేమ తగిలితే బలం పెరుగుతుంది. ఎండిన గాలిలో పడుగు తెగుతూ ఉంటుంది. పడుగుకు గంజి పెట్టేది దారం నునుపుగా, గట్టిగా ఉండాలనే.

దారం సన్ననైన కొద్దీ ఈ పాఠం కష్టమవుతుంది. ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు ఎన్ని ఉంటే దానిని అన్ని కౌంట్ల నూలు అంటారు. 100 కౌంట్ల నూలు ఒక్క పౌను, అంటే సుమారు 454 గ్రాములు, 84,000 గజాలు సాగుతుంది. అంటే దాదాపు 77 కిలోమీటర్లు! నగరి నుంచి తిరుపతి దాకా పరిచినా ఇంకా మిగులుతుంది.

ఎడ్మండ్ కార్ట్‌రైట్ 1785లో ఇంగ్లండులో మరమగ్గానికి పేటెంటు పొందాడు. మరమగ్గంలో దెబ్బ బలాన్ని, పడుగు బిగువును యంత్రమే చూసుకుంటుంది. నేడు నగరి వీధుల్లో వినిపించేది ఎక్కువగా ఆ మరమగ్గాల చప్పుడే. వెనుకటి రోజుల్లో చేనేత ఇళ్ళ పిల్లలు కండెలు చుడుతూ, పెద్దల పక్కన కూర్చుని చేతిపట్టు తెలుసుకునేవారు. ఇంట్లో చేమగ్గం లేకపోతే ఆ బడి మూతపడినట్టే. అప్పుడిక తరగతి గదే దిక్కు. వెంకటగిరిలో ప్రగడ కోటయ్య పేరిట ఉన్న చేనేత సాంకేతిక సంస్థలో పదో తరగతి పూర్తిచేసినవారికి మూడేళ్ళ డిప్లొమా చదువు ఉంది.

ఈ తరగతిని మీ బడిలోనూ నడపవచ్చు. జానెడు అట్టముక్కకు పైనా, కిందా అర సెంటీమీటరుకొకటి చొప్పున 20 గాట్లు పెట్టి పడుగు చుట్టండి. లావుపాటి సూదితో 30 వరుసలు పేక నేయండి. పదిమందీ ఒకే దారం వాడాలి. మొదటి వరుస వెడల్పు, చివరి వరుస వెడల్పు కొలిచి పట్టిక వేయండి. ఎవరి బట్ట ఎంత కుంచించుకుపోయింది? రెండోసారి నేసినప్పుడు ఆ తేడా ఎంత తగ్గింది? తగ్గినంత మేరకు మీ చేతికి నేత పట్టుబడినట్టే!