విజ్ఞానానికీ ఎల్లలున్నాయా?

విజ్ఞానానికి ఎల్లలు లేవని పిల్లలు పాఠాలలో చదువుకుంటారు. ఆచరణలో మాత్రం ఊరు, దేశం, భాష అనే గోడలు అక్కడా కనిపిస్తాయి. శాస్త్రజ్ఞుడు వ్యాసం వ్రాసేటప్పుడు తనకు ఆధారమైన పూర్వ పరిశోధనలను పేర్కొనడం ఆనవాయితీ. దీనినే ఉటంకింపు అంటారు. ఎంతమంది ఉటంకిస్తే ఆ పరిశోధనకు అంత గుర్తింపు. ఈ గుర్తింపులో స్థలం వహించే పాత్రను తెలుసుకోవడానికి, మన పెద్దలు వాంతిభేది అనీ గత్తర అనీ పిలిచిన కలరా చరిత్ర చక్కని ఉదాహరణ.

1854లో ఇటలీలోని ఫ్లోరెన్సు నగరంలో ఫిలిప్పో పాచీని అనే వైద్యుడు మృతుల పేగులను సూక్ష్మదర్శినితో పరీక్షించి కలరా క్రిమిని గుర్తించారు. ఇటాలియన్ భాషలో ప్రకటించిన ఆ విషయాన్ని ఇతర దేశాలవారు పెద్దగా పట్టించుకోలేదు. ముప్పది ఏండ్ల తరువాత, 1884లో, జర్మన్ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్ కలకత్తాలో అదే క్రిమిని వేరుచేసి చూపగా లోకమంతా కొనియాడింది. కాక్ నిరూపణ మరింత పటిష్ఠమైనదే. ఆయన వెనుక బెర్లిన్ ప్రభుత్వ అండ కూడా ఉన్నది. పాచీని అంతకు ముందు ఏడాదే కన్నుమూశారు. ఆ క్రిమి శాస్త్రీయ నామంతో పాచీని పేరును అధికారికంగా జోడించినది 1965లో.

కాక్ పనిచేసిన కలకత్తాలోనే డాక్టర్ శంభునాథ్ డే కలరా క్రిములు పెరిగిన ద్రవాన్ని వడకట్టి, క్రిములు లేకుండా చేసి, కుందేలు పేగులోనికి ఎక్కించారు. అయినప్పటికీ పేగు నీటితో నిండిపోయింది. ప్రాణం తీసేది క్రిమి విడిచే విషపదార్థమని దీనితో తేటతెల్లమైంది. 1959లో ఈ ఫలితం లండన్ నుండి వెలువడే 'నేచర్' పత్రికలోనే అచ్చయింది. అయినా కొన్నేళ్ళపాటు దానిని ఉటంకించినవారు బహు తక్కువ. 1969లో అమెరికాలో ఆ విషాన్ని శుద్ధరూపంలో వేరుచేసిన తరువాత డే కృషికి విలువ పెరిగింది. 1978లో నోబెల్ ఫౌండేషన్ కలరాపై జరిపిన సదస్సుకు ఆయనను ఆహ్వానించింది. స్వదేశంలోని విజ్ఞాన అకాడమీలు మాత్రం 1985లో ఆయన మరణించేవరకు సభ్యత్వమివ్వలేదు. దూరపువారు గుర్తించనిదే దగ్గరివారూ గుర్తించరన్నది ఇందులోని విషాదం.

ఇందుకు కారణం కేవలం దురుద్దేశం కాదు. మనిషి తాను చదివినదాన్ని, విన్నదాన్ని, పరిచయస్థుల కృషినే ముందుగా తలుస్తాడు. ఒకే ప్రాంగణంలో పనిచేసేవారికి, ఒకే సదస్సులో కలిసేవారికి ఆ అవకాశం ఎక్కువ. 1993లో అమెరికాలో ముగ్గురు ఆర్థికవేత్తలు పేటెంట్లను పరిశీలించగా, అవి తమ దేశానికి, తమ రాష్ట్రానికి, తమ నగరానికి చెందిన పాత పేటెంట్లనే సహజంగా ఉండవలసిన దానికంటే ఎక్కువగా ఉటంకిస్తున్నట్లు తేలింది.

నేడు ఉటంకింపుల లెక్కను చూసి పదోన్నతులు, పరిశోధన నిధులు ఇచ్చే పద్ధతి అనేక చోట్ల ఉన్నది. ఆ లెక్కలో వెనుకబడిన ప్రాంతాల పరిశోధన మరుగున పడితే, ఆ ప్రాంతాల రోగాలూ పంటలూ మరుగున పడతాయి. బ్రెజిల్ 1997లో ప్రారంభించిన సైయెలో వంటి ఉచిత వేదికలు పోర్చుగీసు, స్పానిష్ వ్యాసాలను అందరికీ అందుబాటులోకి తెచ్చాయి. అయితే అందుబాటు ఒక్కటే చాలదని డే వ్యాసమే రుజువు చేస్తున్నది. ఒక మాట ఎక్కడినుండి వచ్చిందని కాక, అది నిజమా కాదా అని అడగడం పిల్లలకు బడిలోనే అలవడాలి.