డాష్‌క్యామ్ నిజమే చూసింది... టైం మాత్రం తప్పు చెప్పింది!

ఇయ్యాల ఎపిసోడ్ డాష్‌క్యామ్ గురించి. ఏ కంపెనీది కొనాలె, ఎంతలో కొనాలె అనేది కాదు. ఆల్రెడీ కొని అద్దానికి అంటించుకున్నోళ్ల కోసం ఈ ఎపిసోడ్. ఎందుకంటే మా ఇంట్లనే ఒక ముచ్చట జరిగింది.

మా బావ పోయిన ఎండాకాలం జగిత్యాల నుంచి కోరుట్ల దిక్కు వస్తున్నడు. నేషనల్ హైవే 63. మీలో చాలామందికి తెలిసిన రోడ్డే. పొద్దుగూకి చీకటి పడ్డది. పక్క తోవ నుంచి లైటు లేని బైక్ ఒకటి సడెన్‌గా మెయిన్ రోడ్డు ఎక్కింది. బావ బ్రేక్ కొట్టిండు, అయినా తగిలింది. బైక్ మీదున్న పిల్లగాడికి కాలు విరిగింది. బావనే కార్ల ఏసుకొని ఆస్పత్రికి తీస్కపోయిండు. ప్రాణానికి ఏం కాలే, అది దేవుడి దయ.

తెల్లారి స్టేషన్‌ల రెండు మాటలు నడిచినయ్. వాళ్లేమో "బైక్ లైటు ఉండె, కారే స్పీడ్‌గా వచ్చింది" అన్నరు. మా బావేమో ధైర్యంగా "నా దగ్గర వీడియో ఉంది సార్" అన్నడు. వీడియో పెట్టిన్రు. అంతా క్లియర్‌గా కనవడుతుంది. కానీ కింద మూలకు టైం చూస్తే రాత్రి 9:40. ఆస్పత్రి చీటీ మీద పేషెంట్‌ని తెచ్చిన టైం 7:45. అంటే వీడియో ప్రకారం ఆ పిల్లగాడు ఆస్పత్రిల చేరిన రెండు గంటలకు యాక్సిడెంట్ అయింది! సార్ ఒక్కటే అడిగిండు: "ఇది ఆ రోజు వీడియోనేనా?" న్యాయమైన ప్రశ్న. మా బావ దగ్గర జవాబు లేదు.

నాకు ఫోన్ చేసిండు. నేను ముందుగాల అడిగింది ఇదే: "బావా, కెమెరాల టైం ఏమన్నా ముట్టుకున్నవా?" "లేదు, ఇప్పుడు సరి చేద్దామనుకుంటున్న" అన్నడు. "చెయ్యకు!" అన్న. ఎందుకు వద్దన్ననో చివర్ల చెప్తా. ముందు టైం ఎందుకు తప్పిందో చూద్దాం.

యాక్సిడెంట్ అసలు అయింది సుమారు 7:10కి. కెమెరా చూపించింది 9:40. తేడా సరిగ్గా రెండున్నర గంటలు. ఈ రెండున్నర ఎక్కడిది? మన ఇండియా టైం యూటీసీ కన్నా 5 గంటల 30 నిమిషాలు ముందుంటది. చైనా టైం 8 గంటలు ముందుంటది. ఎనిమిదిల నుంచి అయిదున్నర తీసేయండి, రెండున్నర. చాలా డాష్‌క్యామ్‌లు తయారయ్యేది చైనాల. బావ కెమెరాల టైం జోన్ ప్లస్ 8 మీదనే ఉండిపోయింది. ఎవ్వరూ మార్చలే.

"మాది జీపీఎస్ మోడల్, టైం దానంతట అదే సెట్ అయితది" అంటరు కొందరు. సగమే నిజం. జీపీఎస్ నుంచి యూటీసీ టైం మాత్రమే వస్తది. దానికి ఎన్ని గంటలు కలపాలో మీరే సెట్టింగ్స్‌ల చెప్పాలె. టైం జోన్ అని ఉన్న కాడ ప్లస్ 5:30 పెట్టుకోండి. కొన్ని మెనూలల్ల అర గంటలు ఉండవు, 5 లేదా 6 మాత్రమే ఉంటది. అట్లుంటే జీపీఎస్ టైం సింక్ బంద్ చేసి, ఫోన్ చూసి చేతితోని టైం పెట్టుకోండి. అరగంట తప్పు కన్నా అది నయం.

ఇంకోటి, పాత జీపీఎస్ చిప్‌లు వారాల లెక్కను 1024 దాకనే పెట్టుకుంటయి, ఆ తర్వాత మళ్లీ సున్నా. 2019 ఏప్రిల్‌ల అట్ల తిరిగింది. అప్డేట్ లేని కొన్ని పాత పరికరాలు దాదాపు ఇరవై ఏండ్లు వెనక్కి పోయినయ్. కాబట్టి జీపీఎస్ ఉందని కళ్లు మూసుకోవద్దు.

రెండో రకం తప్పు నా సిరిసిల్ల దోస్తుది. వాని కారు వారానికోసారి బయటికి తీస్తడు. తీసినప్పుడల్లా కెమెరాల తేదీ జనవరి 1, అర్ధరాత్రి 12. ఎందుకంటే, కెమెరా బంద్ ఉన్నప్పుడు కూడా లోపల చిన్న గడియారం నడవాలె. దానికి పవర్ ఇచ్చేది ఒక చిన్న బ్యాటరీ. అది చచ్చిపోతే కెమెరా ప్రతిసారి కొత్తగా పుట్టినట్టే. మీకు ఇట్ల రెండు సార్లు కనవడితే టైం మళ్లీ మళ్లీ సెట్ చేస్కుంట కూసోవద్దు, ఆ బ్యాటరీ మార్పించండి లేదా కెమెరానే మార్చండి.

మూడో రకం మెల్లగా వచ్చే తప్పు. ఆ గడియారం లోపల ఒక క్వార్ట్జ్ ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తది. పది లక్షలకు 20 పాళ్లు తేడా ఉన్నా, రోజుకు 1.7 సెకన్లు. అంటే నెలకు దాదాపు నిమిషం, ఏడాదికి పది నిమిషాలు. పైగా వేడెక్కితే ఆ ముక్క ఇంకా నెమ్మది అయితది. మన జగిత్యాల ఎండలు తెలుసు కదా, బయటనే 45 దాటుతది. ఎండల ఆపిన కారు అద్దం కాడ ఇంకెంత ఉంటదో మీరే అనుకోండి.

తేదీ ఫార్మాట్ కూడా చూడండి. 05/06 అంటే జూన్ 5నా, మే 6నా? ఏడాది, నెల, రోజు అనే వరుస పెట్టుకుంటే గొడవే లేదు.

సరే, టైం అయింది. ఇప్పుడు అసలు వీడియో ఉంటదా లేదా అనేది. డాష్‌క్యామ్ కార్డు నిండినంక పాత ఫైల్ చెరిపేసి కొత్తది రాస్తది. ఫుల్ హెచ్‌డీ వీడియో సెకనుకు 15 మెగాబిట్లు అనుకుంటే గంటకు 6.75 జీబీ. 64 జీబీ కార్డుల సుమారు తొమ్మిది గంటలు పడతయి. వెనుక కెమెరా కూడా ఉంటే సగమే. అంటే "పోయిన వారం వీడియో ఉంటది" అనుకుంటే, రోజూ కారు తిప్పేటోళ్లకు ఉండదు.

ఇంకా జి-సెన్సర్. గుద్దుకున్నట్టు అనిపిస్తే ఆ ఫైల్‌ను చెరిపేయకుండా లాక్ చేస్తది. మంచిదే. కానీ దాన్ని హై మీద పెట్టి కోరుట్ల నుంచి వేములవాడకు పోయి రండి. ప్రతి స్పీడ్ బ్రేకర్, ప్రతి గుంత దానికి యాక్సిడెంటే! లాక్ అయిన ఫైళ్లతోని కార్డు నిండుతది. ఆఖరికి కొన్ని కెమెరాలు కార్డ్ ఫుల్ అని రికార్డింగే ఆపేస్తయి. లో మీద పెట్టుకోండి. నెలకోసారి, అవసరమైనవి దాచుకున్నంక, కార్డును కెమెరాలనే ఫార్మాట్ చేయండి. కార్డు కొనేటప్పుడు హై ఎండ్యూరెన్స్ అని రాసి ఉన్నది తీస్కోండి. ఫోన్ల వాడే మామూలు కార్డు ఇట్ల రాత్రింబగళ్లు రాసుడుకు తయారు చేసింది కాదు. అది చచ్చిపోయేటప్పుడు చెప్పి చావదు.

పవర్ సంగతి ఒక్క ముక్క. గుద్దుకున్నప్పుడు కరెంట్ పోతే, నడుస్తున్న ఫైల్‌ను మూసేదానికి కెమెరాకు కొన్ని సెకన్లు పవర్ కావాలె. మనకు కావల్సింది ఆ ఫైలే కదా! కొన్నిట్ల దీనికి లిథియం బ్యాటరీ ఉంటది, కొన్నిట్ల సూపర్ కెపాసిటర్. మన ఎండలకు బ్యాటరీ ఉబ్బుతది. కొత్తది కొనేటోళ్లు కెపాసిటర్ ఉన్నదే చూడండి.

ఇగ బావ ముచ్చట్లకు వద్దాం. టైం మార్చకు అని ఎందుకన్న? తప్పు టైం కూడా సాక్ష్యమే, ఆ తప్పు ఎంతో చూపించగలిగితే. సరి చేసిన్రనుకోండి, ఆ రుజువు పాయె. పైగా "వీళ్లు కెమెరాను ముట్టుకున్నరు" అనే మాట వస్తది.

అందుకే బావతోని ఏం చేయించిన్న అంటే: కెమెరా ఆన్ ఉండంగ, కారు ముందు నిలవడి, సెకన్లు కనవడే గడియారం ఫోన్ల పెట్టి కెమెరాకు చూపించుమన్న. ఫోన్ టైం నెట్‌వర్క్ నుంచి వస్తది. ఒక నిమిషం రికార్డు అయింది. అదే వీడియోల ఫోన్ మీద ఒక టైం, కింద మూలకు కెమెరా టైం. తేడా 2 గంటల 30 నిమిషాలు, పైన కొన్ని సెకన్లు. 9:40ల నుంచి అది తీసేస్తే 7:10. ఆస్పత్రి చీటీతోని కలిసింది. సార్ రెండు వీడియోలు పక్క పక్కన పెట్టి చూసిండు. బైక్‌కు లైటు లేదని అప్పుడు ఒప్పుకున్నరు. ఆ పిల్లగాడు ఇప్పుడు మంచిగ నడుస్తున్నడు, బావకు కనవడితే నమస్తే కూడా పెడ్తడు.

కాబట్టి మీకు అట్లాంటి రోజు వస్తే, ముందు మనిషిని చూడండి, 108కి ఫోన్ చేయండి. తర్వాత ఈ వరుస:

ఒకటి, ఆ ఫైల్‌ను లాక్ బటన్‌తోని లాక్ చేయండి.

రెండు, ఫోన్ గడియారం కెమెరాకు చూపించండి. చీకటైతే ఫోన్ బ్రైట్‌నెస్ తగ్గించండి, లేకపోతే తెల్లగ మెరుస్తది. పవర్ తీయకముందే ఈ పని చేయాలె, ఎందుకంటే లోపలి బ్యాటరీ చచ్చి ఉంటే పవర్ తీయంగనే టైం పోతది.

మూడు, కెమెరా బంద్ చేసి కార్డు బయటికి తీయండి. కాపీ చేస్కోండి, కానీ అసలు కార్డు అట్లనే దాచండి.

నాలుగు, వాట్సాప్‌ల పంపిన వీడియోను అసలుది అనుకోవద్దు. అది సైజు తగ్గిస్తది, ఫైల్ లోపలి వివరాలు పోతయి.

2024 జులై 1 నుంచి అమల్లకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌ల సెక్షన్ 63 ఎలక్ట్రానిక్ రికార్డుల గురించే. కాపీ ఇచ్చేటప్పుడు సర్టిఫికెట్ జత చేయాలె, దాంట్ల ఆ ఫైల్ హ్యాష్ వాల్యూ రాయాలె. హ్యాష్ అంటే ఫైల్‌కు వేలిముద్ర అనుకోండి. ఒక్క అక్షరమంత మారినా వేలిముద్ర మొత్తం మారిపోతది. అందుకే ఎడిట్ చేయకండి, పాట పెట్టకండి, ముందు వెనుక కట్ చేయకండి. కోర్టు దాకా పోతే లాయర్‌ను అడిగి చేయండి.

ఆఖరికి ఒక్క పని. ఆదివారం కారు కడిగేటప్పుడు కెమెరా ముందు ఫోన్ టైం చూపించి ఒక చప్పట్ కొట్టండి. తర్వాత ఆ వీడియోను ఫోన్ల తెరిచి చూడండి. టైం కలిసిందా, చప్పుడు వినవడిందా, ఫైల్ ఓపెన్ అయిందా? రెండు నిమిషాల పని. ఎర్ర లైటు ఎలగంగనే రికార్డు అవుతుందని నమ్మకండి, చూసి నమ్మండి.

ఈ ఎపిసోడ్ ఆపినంక కిందికి పోయి మీ కార్ల టైం చూసి, ఎంత తేడా ఉందో కామెంట్‌ల పెట్టండి. రెండున్నర గంటలు వచ్చినోళ్లు ఎంతమందో చూద్దాం. ఉంటా మరి, పైలం!