ట్రినిడాడ్ మాట... బోధన్ బాట!

కరీబియన్ దీవులనగానే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది క్రికెట్టే. రోహన్ కన్హాయ్, కాళీచరణ్, శివనారాయణ్ చందర్‌పాల్... ఈ పేర్లు రేడియోలో విన్నప్పుడల్లా "ఇదేమిటి, మన పేర్లలా ఉన్నాయే!" అనుకోని వారుండరు. ఆ పేర్ల వెనక ఒక చెరకు తోట ఉంది.

బానిసత్వం రద్దయ్యాక తోటల యజమానులకు కూలీలు కరువయ్యారు. తెల్లదొరల చూపు మన దేశం మీద పడింది. 1838లో గయానాకు, 1845లో ట్రినిడాడ్‌కు ఓడలు కదిలాయి. ఎక్కువమంది కలకత్తా రేవులో ఎక్కారు. మద్రాసు రేవులో ఎక్కినవాళ్లూ ఉన్నారు; వాళ్లలో తమిళులతో పాటు మన తెలుగువాళ్లూ ఉన్నారు. 1917లో ఓడలు ఆగిపోయేసరికి ఒక్క ట్రినిడాడ్‌కే దాదాపు 1,44,000 మంది వెళ్లారు. తిరిగొచ్చినవాళ్లు కొందరే.

వాళ్ల వారసులు మళ్లీ ఓడెక్కారు. ఈసారి లండన్‌కు! శామ్ సెల్వన్ అనే రచయిత 1923లో ట్రినిడాడ్‌లో పుట్టాడు. తండ్రి మద్రాసు మూలాలున్నవాడు. సెల్వన్ 1950లో లండన్ చేరి, 1956లో 'ది లోన్లీ లండనర్స్' నవల అచ్చు వేయించాడు. అందులో మోజెస్ అనేవాడు వాటర్లూ స్టేషన్‌కు వెళ్లి, దీవుల నుంచి కొత్తగా దిగినవాడిని వెంటబెట్టుకొస్తాడు. కథంటే అంతే... గది వెతుక్కోవడం, పని వెతుక్కోవడం, చలి, నవ్వులు, దిగులు. ఈ నవలను మొదట శిష్టమైన ఇంగ్లీషులో రాయబోతే కలం ముందుకు సాగలేదట. చివరకు తన దీవి యాసలోనే రాశాడు. పాత్రల సంభాషణలే కాదు, కథ చెప్పే గొంతు కూడా అదే యాస! ఊరు విడిచినవాడు ఇల్లు తీసుకుపోలేడు, పొలం తీసుకుపోలేడు. నోట్లో మాటను మాత్రం తీసుకుపోతాడు. సెల్వన్ ఆ మాటనే పట్టుకున్నాడు.

సినిమా పత్రికలో నవలల గొడవేమిటంటారా? వస్తున్నా. ఇదే సెల్వన్ దర్శకుడు హొరేస్ ఓవేతో కలిసి 'ప్రెషర్' (1976) చిత్రానికి స్క్రీన్‌ప్లే రాశాడు. ఒకే ఇంట్లో అన్న ట్రినిడాడ్‌లో పుట్టాడు, తమ్ముడు లండన్‌లో పుట్టాడు. ఇక మీరే ఊహించుకోండి! నైపాల్ నవల ఆధారంగా ఇస్మాయిల్ మర్చంట్ 2001లో 'ది మిస్టిక్ మస్యూర్' తీస్తే, అందులో మన ఓంపురి కూడా నటించాడు.

ఇదంతా నిజామాబాద్‌లో కూర్చుని రాయడానికి కారణం ఉంది. ఇక్కడా చెరకే. ఇక్కడా వలసే. మంజీర మీద 1931 నాటికి నిజాంసాగర్ పూర్తయింది. ఆ నీళ్లను నమ్ముకుని కోస్తా జిల్లాల రైతులు వచ్చి భూములు కొని స్థిరపడ్డారు. పేరు చివర 'క్యాంపు' అని ఉన్న ఊళ్లు ఈ చుట్టుపక్కల ఈనాటికీ కనిపిస్తాయి. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపించారు. దాని పక్కనే వెలసింది షక్కర్‌నగర్. తెలుగు, ఉర్దూ, మరాఠీ కలిసి వినిపించే ఊరు. 2002లో ఫ్యాక్టరీలో ఎక్కువ వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015లో గానుగ ఆగిపోయింది.

షక్కర్‌నగర్‌లో ఒక పాత కార్మికుడిని "మీ సొంతూరేది?" అని అడిగాను. పెద్దాయన చాలాసేపు నవ్వాడు.

"మా బాపు నాందేడ్ దిక్కు నుంచి వచ్చిండు. నేను ఈడనే పుట్టిన. ఫ్యాక్టరీ సైరన్ కూస్తెనే మా ఇంట్ల చాయ్ పెడుతుండె. నా కొడుకు షార్జాల ఉన్నడు. ఏ ఊరని చెప్పాలె సారూ? మనుమనికైతే షక్కర్‌నగర్ అంటె బస్సు ఆగే జాగ, అంతే!"

'ప్రెషర్' ఇల్లు లండన్‌లో ఉందనుకున్నాను. ఇక్కడా ఉందన్నమాట!

మరి మన వెండితెర ఏం చేసింది? చాలాకాలం ఈ ప్రాంతపు యాసను రౌడీకో, హాస్యగాడికో అప్పగించి చేతులు దులుపుకుంది. 2017లో 'ఫిదా' వచ్చి ఆ మాటను కథానాయిక నోట పెట్టింది. తమిళనాడు పిల్ల సాయి పల్లవి తన గొంతుతోనే చెప్పిన ఆ బాన్సువాడ మాటలకు జనం ఈలలు వేశారు. శేఖర్ కమ్ములకు చేతులెత్తి నమస్కరించాల్సిందే. అయితే ఒక్క మాట. ఆ చిత్రంలో అమెరికా అబ్బాయే చివరకు బాన్సువాడకు వచ్చేస్తానంటాడు. నిజం బాన్సువాడలో అబ్బాయిలు వెళ్లేవాళ్లే ఎక్కువ!

అదే ఏడాది పి. సునీల్ కుమార్ రెడ్డి 'గల్ఫ్' తీశారు. విషయం ఎంచుకున్నందుకు మెచ్చుకోవాలి, ఇంకొన్ని రావలసింది. పెద్దింటి అశోక్ కుమార్ 'ఎడారి మంటలు' నవల ఉండనే ఉంది. మలయాళం వాళ్లను చూడండి... మమ్ముట్టితో 'పతేమారి' (2015), పృథ్వీరాజ్‌తో 'ఆడుజీవితం' (2024). గల్ఫ్ వెళ్లినవాడిని అక్కడి పెద్ద హీరోలే వేశారు. మన హీరో విదేశం వెళితే పాటకే వెళతాడు.

మాటలకేమైనా కొరతా? గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల నోట 'ఖల్లివల్లి', 'కఫీల్', 'అకామా' తెలుగు మాటల్లాగే దొర్లుతాయి. క్యాంపు పిల్లలు ఇంట్లో కోస్తా మాట, బజార్లో బోధన్ మాట మాట్లాడతారు. సెల్వన్ చేతిలో పడితే ఈ నోళ్లతో నాలుగు నవలలు రాసేవాడు. సైరన్ విన్న చెవులు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నాయి.

దిల్ రాజుది ఈ జిల్లాయే. కథలు దొరకడం లేదని వాపోయే నిర్మాతలు ఇంకెవరైనా ఉంటే, నిజామాబాద్‌లో బోధన్ బస్సు ఎక్కితే సరి. ఇరవై అయిదు కిలోమీటర్లే!