విశేషణం - జత మాట

తెలుగులో ‘పెద్ద’ అనే విశేషణం చాలా నామవాచకాలకు ముందు చేరుతుంది. పెద్ద ఇల్లు, పెద్ద వాన, పెద్ద గొంతు అంటారు. ఇంగ్లీషులో ఇల్లు ‘బిగ్’, వాన ‘హెవీ’, గొంతు ‘లౌడ్’. ‘బిగ్ రెయిన్’ అని రాసిన విద్యార్థి వ్యాకరణం తప్పలేదు; విశేషణం నామవాచకానికి ముందే ఉంది. మాటల జత మాత్రం కుదరలేదు.

తెలుగు నేర్చుకునే ఇంగ్లీషువారికీ ఇటువంటి చిక్కే ఎదురవుతుంది. వారి ‘హాట్’ అనే ఒక్క మాటకు తెలుగులో రెండు మాటలున్నాయి. పాలు వేడి, మిరపకాయ కారం. వేడి పాలను ‘కారం పాలు’ అంటే ఎవరూ తాగరు!

ప్రతి భాషకూ తన జతలు తనకుంటాయి. అందువల్ల ‘హెవీ’ అంటే ‘బరువైన’ అని మాత్రమే రాసుకుంటే చాలదు. ‘హెవీ రెయిన్’ అంటే ‘పెద్ద వాన’ అని జతగా నేర్చుకోవాలి.