పుట్టి, నాడె, ఆసు – మన పక్కనే ఉన్న వింత పనిముట్లు

సేఫ్టీ పిన్నును ఎప్పుడైనా నిదానంగా చూశారా? ఒక తీగ ముక్క. ఒక చివర సూదిలా మొన, రెండో చివర ఆ మొనను దాచే తొడుగు, నడుమ చిన్న చుట్ట. ఆ చుట్టే దాని ప్రాణం. పిన్ను మూసినప్పుడు చుట్ట బిగుసుకుని, ఎప్పుడెప్పుడు తెరుచుకుందామా అని మొనను బయటకు నెడుతూ ఉంటుంది. ఆ నెట్టుడు వల్లనే మొన తొడుగులో కదలకుండా నిలుస్తుంది. 1849లో అమెరికాలో వాల్టర్ హంట్ అనే ఆయన దీనికి పేటెంటు పొంది, ఆ హక్కును 400 డాలర్లకు అమ్మివేశాడు. కొన్నవారు ఎంత గడించి ఉంటారో మీరే ఊహించుకోండి!

ఇటువంటి వస్తువు కంటబడితే నాకు కాలు ముందుకు సాగదు. నా బల్ల సొరుగు నిండా నొక్కితే బయటకు వచ్చే పెన్నులు, విప్పిన తాళం కప్పలు, ఆగిపోయిన గడియారపు పళ్ల చక్రాలు ఉంటాయి. మా పిల్లలు దానికి ‘సారు మ్యూజియం’ అని పేరు పెట్టారు. ఇంట్లో మాత్రం ‘చెత్త’ అంటారు. ఎవరి మాట వారిది.

అయితే వింత పనిముట్లు చూడటానికి సొరుగులూ, పట్నంలోని షాపులూ అక్కరలేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లో ఒక్క రోజు కళ్లు తెరుచుకుని తిరిగితే చాలు. 2016 వరకు ఇవన్నీ మహబూబ్‌నగర్ జిల్లాలో భాగాలు, ఇప్పుడు మూడూ మూడు జిల్లాలు. కృష్ణానది వీటి పక్కగా పారుతుంది. గద్వాల జిల్లాలోని అలంపురం వద్ద తుంగభద్ర పారుతుంది. ముందుగా ఆ నీటి మీదికే పోదాం.

“సార్, పడవలన్నీ పొడుగ్గుంటయి గదా, పుట్టి ఒక్కటే గుండ్రంగ ఎందుకుంటది?” అని ఒక ఎనిమిదో తరగతి విద్యార్థి అడిగాడు. మంచి ప్రశ్న. పుట్టి అంటే వెదురు బద్దలతో అల్లిన పెద్ద గంప. వెనుకటి కాలంలో దానికి బయట తోలు తొడిగేవారు. తరువాత తారు పూసిన గుడ్డ, ప్లాస్టిక్ పట్టాలు వచ్చాయి. లోపల ఒక మనిషి, చేతిలో ఒక తెడ్డు. ముందు, వెనుక అనే తేడాయే లేదు!

గుండ్రంగా ఎందుకంటే, ఒకే పొడవు తాడుతో ఎన్ని ఆకారాలు చుట్టినా అన్నింటికంటే ఎక్కువ చోటును ఆవరించేది వృత్తమే. అనగా తక్కువ వెదురుతో, తక్కువ తోలుతో ఎక్కువ చోటు దొరుకుతుంది. పేదవాని పడవకు ఇంతకంటే మంచి ఆకారం లేదు. ఇక మోసే శక్తి సంగతి చూద్దాం. పుట్టి వ్యాసం 2.5 మీటర్లు, అడుగు చదునుగా ఉందనుకోండి. అడుగు వైశాల్యం సుమారు 4.9 చదరపు మీటర్లు. అది నీటిలోకి కేవలం 10 సెంటీమీటర్లు దిగితే 0.49 ఘనపు మీటర్ల నీటిని తొలగిస్తుంది. ఆ నీటి బరువు 490 కిలోలు. ఆర్కిమెడీస్ సూత్రం ప్రకారం అంత బరువునూ నీరు మోస్తుంది. పుట్టి సొంత బరువు తీసివేసినా ఆరుగురు పెద్దవాళ్లను మోయడానికి అది అరజానెడు లోతు దిగితే సరిపోతుంది. అందుకే బండరాళ్లు పైకి తేలిన చోట, పెద్ద పడవలు అడుగు తగిలి ఆగిపోయే చోట కూడా పుట్టి జారిపోతుంది.

దాని ఇబ్బంది కూడా ఆ ఆకారంలోనే ఉంది. ఒక పక్కనే తెడ్డు వేస్తే పుట్టి ముందుకు పోదు, గిరగిర తిరుగుతుంది. చేయి తిరిగినవాడు తన ముందున్న నీటిని కుడి ఎడమలుగా తెడ్డుతో తన వైపు లాక్కుంటూ నడుపుతాడు. సుమారు 1520లో విజయనగరం చూడటానికి వచ్చిన డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు ఇటువంటి పడవలను చూసి, గంపల్లా గుండ్రంగా ఉంటాయని, తోలు తొడిగి ఉంటుందని, పదిహేను ఇరవై మందిని దాటిస్తాయని, నడుస్తున్నంతసేపు తిరుగుతూనే ఉంటాయని రాసుకున్నాడు. ఆయన చూసింది మన అలంపురం పక్కన పారే తుంగభద్ర మీదనే, బాగా ఎగువన. అంతకు రెండు వేల సంవత్సరాల ముందే గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ బాబిలోన్ నది మీద గుండ్రటి తోలు పడవల గురించి చెప్పాడు. అక్కడి వర్తకులు పడవలో సరుకుతో పాటు ఒక గాడిదను కూడా ఎక్కించుకుని ప్రవాహం వెంట దిగివచ్చేవారట. సరుకు అమ్మి, పడవ చట్రాన్ని కూడా అమ్మి, తోలును గాడిద మీద వేసుకుని కాలినడకన తిరిగి పోయేవారట. ప్రవాహానికి ఎదురు తెడ్డు వేయడం కంటే గాడిదే మేలు కదా!

ఒక మాట గట్టిగా చెప్పాలి. పుట్టి వెడల్పుగా ఉంటుంది కనుక అందరూ సర్దుకుని కూర్చున్నప్పుడు అది నిలకడగానే ఉంటుంది. కాని దాని అంచు నీటికి చాలా దగ్గర. అందరూ ఒక పక్కకు లేచి నిలబడితే ఆ అంచు నీటి కిందికి పోవడం రెప్పపాటు పని. వరద నీటిలో తిరిగే పుట్టిని ఎంత నేర్పరి అయినా అదుపు చేయలేడు. లైఫ్ జాకెట్టు లేకుండా, వానకాలంలో, కిక్కిరిసిన పుట్టి ఎక్కకండి. వస్తువు అందంగా ఉన్నంత మాత్రాన దాన్ని గుడ్డిగా నమ్మరాదు.

ఇక గద్వాల వీధుల్లోకి వద్దాం. ఈ ఊరి పేరు చెప్పగానే చీర గుర్తుకు వస్తుంది. అగ్గిపెట్టెలో పట్టే చీర అని పెద్దలు చెప్పుకుంటారు. సైన్సు మాస్టారికి ఇటువంటి మాట వినగానే లెక్క వేయాలనిపిస్తుంది. మామూలు చిన్న అగ్గిపెట్టెలో ఖాళీ సుమారు 20 ఘనపు సెంటీమీటర్లు. చీర పొడవు 5.5 మీటర్లు, వెడల్పు 1.2 మీటర్లు అనుకుంటే విస్తీర్ణం 6.6 చదరపు మీటర్లు. ఎక్కడా సందు లేకుండా మడిచినా, ఆ చీర మందం మిల్లీమీటరులో వెయ్యి భాగాలు చేస్తే అందులో మూడు భాగాలు మాత్రమే ఉండాలి. పత్తి పీచు ఒక్కటే అంతకు ఎన్నో రెట్లు లావు ఉంటుంది! కనుక ఆ మాటను నేత సన్నదనాన్ని మెచ్చుకునే ముద్దుమాటగా తీసుకుందాం.

నిజమైన ఆశ్చర్యం అగ్గిపెట్టెలో లేదు, అంచులో ఉంది. గద్వాల చీరకు నడుమ భాగం నూలు, అంచులూ కొంగూ పట్టు. ఎండకాలం ఒంటికి నూలు హాయి, పెళ్లిలో కంటికి పట్టు హాయి. ఈ రెంటినీ ఒకే బట్టలో కలపడం ఎట్లా? మగ్గం మీద నిలువుగా పరచిన దారాలు పడుగు, అడ్డంగా పోయేది పేక. పడుగులో అంచుల దగ్గర పట్టు, నడుమ నూలు పరవడం సులభమే. చిక్కంతా పేకతోనే. పేక దారాన్ని మోసే నాడె ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క ఊపున పోతే, నడిమి నూలే అంచులోకీ పోతుంది. పట్టు మెరుపు పోతుంది, రంగు కలగాపులగం అవుతుంది.

ఇందుకు నేతగాళ్లు కనిపెట్టిన ఉపాయం మూడు నాడెలు. ఎడమ అంచుకు ఒకటి, నడుమ నూలుకు ఒకటి, కుడి అంచుకు ఒకటి. నడిమి నాడె అంచు దాకా వచ్చి ఆగుతుంది. అక్కడ అంచు నుంచి వచ్చిన పట్టు పేక, నూలు పేక ఒకదానిలో ఒకటి కొక్కెం వేసుకుని, వచ్చిన దారినే వెనుదిరుగుతాయి. మీ రెండు చేతుల చూపుడువేళ్లను కొక్కేల్లా వంచి ఒకదానిలో ఒకటి తగిలించి లాగి చూడండి. అదే ఆ ముడి. దీన్నే కుట్టు అంచు అంటారు. పేరు కుట్టు అయినా సూదితో కుట్టేది ఏమీ లేదు. ఆ కొక్కెం పడకపోతే అంచుకూ నడుమకూ మధ్య నిలువునా చీలిక మిగిలిపోతుంది.

ఇంగ్లండులో 1733లో జాన్ కే అనే ఆయన తాడు లాగితే దానంతట అదే దూసుకుపోయే నాడెను కనిపెట్టాడు. బట్ట నేసే వేగం బాగా పెరిగింది. పాఠ్యపుస్తకాలు దాన్ని ఎంతో మెచ్చుకుంటాయి, మెచ్చుకోవలసిందే. కాని కుట్టు అంచు దగ్గర ఆ పరుగు పనికిరాదు. ఇక్కడ నాడె పరుగెత్తడం కాదు, సరైన చోట ఆగడం కావాలి. ప్రతి పేకకూ రెండు చోట్ల కొక్కెం పడాలి. అటువంటి పేకలు వేల కొద్దీ పడితే గాని ఒక చీర కాదు. ఆ చీర ధర చూసి ‘అమ్మో’ అనేముందు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

మగ్గం పైకి చూస్తే ఇంకొక వింత. చిల్లులు పొడిచిన అట్టముక్కలు దండలా గుచ్చి వేలాడుతుంటాయి. ఇది జకార్డు. ఫ్రాన్సు దేశంలోని లియోన్ నగరానికి చెందిన జోసెఫ్ మారీ జకార్డ్ 1804లో దీన్ని రూపొందించాడు. పడుగు దారాలను ఎత్తే కొక్కేలు వరుసగా ఉంటాయి. ప్రతి కొక్కేనికి అడ్డంగా ఒక సూది తగులుకుని ఉంటుంది. అట్ట వచ్చి ఆ సూదుల మీద ఒత్తుతుంది. చిల్లు ఉన్న చోట సూది అందులోకి దూరిపోతుంది. దాని కొక్కెం కదలదు, పైకి లేచే పట్టీ దాన్ని ఎత్తుతుంది, దారం లేస్తుంది. చిల్లు లేని చోట అట్ట సూదిని వెనక్కు నెడుతుంది. కొక్కెం పట్టీ నుంచి తప్పుకుంటుంది, దారం కిందనే ఉంటుంది. ఒక అట్ట అంటే ఒక పేకకు ఇచ్చిన ఆజ్ఞ అన్నమాట. అట్టల దండ మొత్తం తిరిగితే ఒక పువ్వు పూర్తి, ఒక హంస పూర్తి.

చిల్లు ఉంది, చిల్లు లేదు. అవును, కాదు. ఒకటి, సున్నా. ఎక్కడో విన్నట్టు లేదూ? ఎనిమిది చిల్లులకు చోటుంటే 256 రకాల అట్టలు చేయవచ్చు. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి ఈ అట్టలనే వాడదామనుకున్నాడు. పట్టు దారంతో నేసిన జకార్డ్ చిత్తరువు ఒకటి ఆయన దగ్గర ఉండేది. దానికి సుమారు 24,000 అట్టలు పట్టాయి. 1890లో అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హాలరిత్ చిల్లుల కార్డులను వాడాడు. ఆయన పెట్టిన కంపెనీ మరికొన్నింటితో కలిసి చివరకు ఐ.బి.యం. అయింది. కంప్యూటరు ల్యాబులో కూర్చుని ‘ఇది మనది కాదు’ అనుకునే నేత ఇంటి పిల్లవాడు ఒకసారి తన ఇంటి కప్పు వైపు చూడాలి!

మగ్గం పక్కన సైకిల్ రిమ్ముతో చేసిన రాట్నం కూడా చూడండి. దీని మీద కండెలకు దారం చుడతారు. రిమ్ము వ్యాసం 60 సెంటీమీటర్లు, కదురు వ్యాసం 2 సెంటీమీటర్లు అయితే, రిమ్మును ఒక చుట్టు తిప్పగా కదురు 30 చుట్లు తిరుగుతుంది. ఈ లెక్క మీ పుస్తకంలో ఉన్నదే.

ఇప్పుడు నాకు అన్నింటికంటే ఇష్టమైన యంత్రం. దీని కోసం మన జిల్లాలు దాటి ఆలేరు వైపు పోవాలి. పోచంపల్లి, ఆలేరు ప్రాంతాల చిటికి నేతలో దారానికి ముందే ముడులు కట్టి రంగు అద్దుతారు. అందుకు ముందుగా దారాన్ని ఆసు పోయాలి. అర్ధచంద్రాకారపు చట్రం, దాని వంపు వెంట వరుసగా మేకులు, ఎదురుగా మధ్యలో ఇంకొక మేకు. దారాన్ని మధ్య మేకు నుంచి వంపు మీది మేకుకు, అక్కడి నుంచి మళ్లీ మధ్య మేకుకు, తరువాత పక్క మేకుకు, ఇట్లా చుడుతూ పోవాలి. ఒక చీరకు చేయి సుమారు 9,000 సార్లు పోయి రావాలి. నాలుగైదు గంటల పని. ఒక్కొక్క కదలికకు చేయి ఒక మీటరు కదిలిందనుకున్నా అది 9 కిలోమీటర్లు. రోజుకు రెండు చీరలకు పోస్తే 18 కిలోమీటర్లు! ఇది ఎక్కువగా ఆడవాళ్లు చేసే పని. భుజాలూ మోచేతులూ నొప్పి పుట్టక ఏమవుతాయి?

ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే ఈ బాధను చిన్ననాటి నుంచి చూశాడు. ఆయన పెద్ద చదువులు చదవలేదు. 1992లో ఆసు యంత్రం తయారీ మొదలుపెట్టాడు. ఇంజనీరింగు పుస్తకాలు లేవు, డబ్బు అంతకన్నా లేదు. సంపాదించినదాన్ని ఒక్కొక్క భాగం మీద పెడుతూ పోయాడు. దారాన్ని ముందుకూ వెనక్కూ నడపడం కుదిరింది గాని, మేకు చుట్టూ తిప్పి పక్క మేకుకు జరపడం దగ్గర ఆగిపోయాడు. హైదరాబాదులో కరెంటు పని చేసుకుంటూ ఉండగా, బాలానగర్‌లో ఒక కార్ఖానాకు మరమ్మతుకు వెళ్లి, అక్కడ ఒక యంత్రం కదలిక చూశాడు. తనకు కావలసిన కదలిక అదే! 1999లో ఆసు యంత్రం పూర్తయింది. దానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది, భుజానికి పనే లేదు. 2017లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 2019లో ఆయన కథ సినిమాగా వచ్చింది.

ఏడేండ్లు పట్టిన ఈ పనిలో నన్ను ఆకర్షించేది బాలానగర్ సంగతి. ఆ యంత్రాన్ని రోజూ ఎంతోమంది చూస్తూనే ఉన్నారు. మనసులో ఒక చిక్కు మోసుకుని తిరిగే మనిషికి మాత్రమే అందులో సమాధానం కనిపించింది.

మీరు కూడా ఒక చిన్న ఆసు చేసి చూడండి. మీటరు పొడవున్న చెక్క మీద అర్ధవృత్తం గీసి, వంపు వెంట 20 మేకులు, మధ్యలో ఒక మేకు కొట్టండి. వంపు మీది ప్రతి మేకుకూ దారం పోయి తిరిగి మధ్య మేకుకు రావాలి. ఒక్క మేకూ తప్పకుండా ఎన్నిసార్లు పోయి వచ్చిందో పక్కనున్న స్నేహితుణ్ణి లెక్కపెట్టమనండి. గడియారం ముందు పెట్టుకుని, ఎన్ని నిమిషాలకు భుజం లాగడం మొదలైందో, అప్పటికి లెక్క 9,000లో ఎంత దాకా వచ్చిందో నోటుపుస్తకంలో రాసుకోండి.