పై అంతస్తు ఖరీదు

గల్ఫ్ దేశాల్లో పనిచేసే తెలుగు కార్మికుడికి పదవీ విరమణ అనేది ముందుగా తేదీ తెలిసిన ఘట్టం కాదు. ప్రభుత్వోద్యోగికి పుట్టినతేదీని బట్టి విరమణ దినం ఎప్పుడో ఖరారై ఉంటుంది. గల్ఫ్ కార్మికుడికి మాత్రం కంపెనీ చేపట్టిన పని ముగిసిన రోజో, వైద్య పరీక్షలో నెగ్గని రోజో, సౌదీలో అకామా అని పిలిచే నివాసానుమతి పత్రం మళ్లీ ఇవ్వని రోజో అకస్మాత్తుగా విరమణ దినమైపోతుంది. ముప్ఫై ఏళ్లు పనిచేసినా అక్కడ పౌరసత్వం రాదు, సామాన్య కార్మికుడికి నెలనెలా వచ్చే పింఛను లేదు, పని పోతే ఉండే హక్కు కూడా పోతుంది. తిరిగి రావడం తప్పదని మొదటి రోజునుంచే తెలిసిన ఈ వలసలో, ఆ రాక కోసం మనిషి చేసుకునే ఏర్పాటు మాత్రం తరాలు మారినా దాదాపు ఒకటిగానే ఉంది: ఊళ్లో సొంత ఇల్లు.

1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగి గల్ఫ్‌లో నిర్మాణాలు ఊపందుకున్న తరువాత, జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల ప్రాంతాల నుంచి మొదలైన ప్రయాణం ఎంత బలపడిందంటే, ఉత్తర తెలంగాణ బతుకును బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అనే మూడు మాటల్లో చెప్పుకోవడం జనం నోట స్థిరపడింది. కోనసీమ, పశ్చిమ గోదావరి పల్లెల నుంచి, రాయలసీమలోని రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి ఇళ్లలో పనికోసం కువైట్ వెళ్లిన మహిళలదీ ఇదే దారి. ఈ ఊళ్లలో గల్ఫ్ డబ్బుతో కట్టిన ఇల్లు దూరం నుంచే తెలుస్తుంది. కింది అంతస్తుకు రంగులు, ముందు గుండ్రని స్తంభాలు, స్టీలు రెయిలింగు ఉంటాయి. డాబా ఎక్కి చూస్తే పిల్లర్ల కొసల నుంచి నడుమెత్తున పైకి లేచి, వానకు తుప్పు పట్టి, రేకులు రేకులుగా పెచ్చులూడుతున్న ఇనుప చువ్వలు కనిపిస్తాయి. పై అంతస్తు కోసం వదిలిన ఆ చువ్వల్లో, ఒక మనిషి ఇంకా ఎన్నేళ్లు ఎడారిలో ఉండాలనుకున్నాడో ఆ లెక్క దాగి ఉంటుంది.

ఆ లెక్క ఎక్కడ తప్పుతున్నదో తెలియాలంటే చేతికి వచ్చే మొత్తమెంతో ముందు చూడాలి. యూఏఈలో పని మానేసేటప్పుడు యజమాని చెల్లించాల్సిన గ్రాట్యుటీ, అంటే సేవాంత భత్యం, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం, ఆపై ప్రతి ఏడాదికి 30 రోజుల మూలవేతనం చొప్పున లెక్కకు వస్తుంది. మొత్తం రెండేళ్ల జీతాన్ని మించకూడదు. ఓవర్‌టైమ్, గది భత్యం, తిండి భత్యం ఈ లెక్కలోకి రావు కనుక, నెలకు 1,800 దిర్హమ్‌లు ఇంటికి పంపినవాడి గ్రాట్యుటీ అతని 1,000 దిర్హమ్‌ల మూలవేతనం మీదే తేలుతుంది. ఒకే కంపెనీలో 20 ఏళ్లు చేసినవాడికి 555 రోజుల వేతనం, అనగా 18,500 దిర్హమ్‌లు వస్తాయి. దిర్హమ్‌ను 23 రూపాయలుగా లెక్కిస్తే ఇది సుమారు రూ.4.25 లక్షలు. అదే మనిషి ఐదేళ్లకొక కంపెనీ మారి ఉంటే, ప్రతిసారీ 21 రోజుల లెక్కే వర్తించి, అంతా కలిపి 14,000 దిర్హమ్‌లే అవుతాయి; అవి కూడా నాలుగు విడతలుగా వచ్చి, చెల్లి పెళ్లికో, బోరు తవ్వకానికో అప్పటికే ఖర్చై ఉంటాయి. సౌదీలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల, ఆపై నెల జీతం ఇస్తారు గానీ, కార్మికుడు తానే రాజీనామా చేస్తే రెండేళ్లు నిండకుంటే ఏమీ రాదు, ఐదేళ్ల లోపు మూడో వంతు, పదేళ్ల లోపు మూడింట రెండు వంతులే వస్తుంది. ఇరవై ఏళ్ల యౌవనానికి చివర దక్కే ఏకమొత్తం ఒక స్లాబు ఖర్చుకు సరిపోయేంత మాత్రమే అన్న సంగతి, వెళ్లే ముందు ఏ ఏజెంటూ చెప్పడు.

దీనికి తోడు ఆదాయం పెరుగుతున్నదనే భ్రమ ఒకటి ఈ వలసలో ఎప్పుడూ వెంట ఉంటుంది. సౌదీ రియాల్ 1986 నుంచి డాలరుకు 3.75గాను, యూఏఈ దిర్హమ్ 1997 నుంచి 3.6725గాను కట్టుబడి ఉన్నాయి. కాబట్టి జీతం పెరగకపోయినా, డాలరుతో రూపాయి విలువ పడిపోయినప్పుడల్లా ఇంటికి చేరే రూపాయలు పెరుగుతాయి. తిరిగి వచ్చిన మరుసటి నెల నుంచి ఆ పెరుగుదల ఆగిపోతుంది, ధరల పెరుగుదల మాత్రం ఆగదు.

ఇక పై అంతస్తు సంగతి. నిర్మాణ వ్యయాన్ని చదరపు అడుగుకు రూ.2,000గా తీసుకుంటే, 1,000 చదరపు అడుగుల కింది ఇల్లు రూ.20 లక్షలు, పైన మరో అంతటి అంతస్తు వేస్తే ఇంకో రూ.20 లక్షలు అవుతుంది. ఈ రెండో 20 లక్షలను 60 ఏళ్లు నిండినవారి కోసం పోస్టాఫీసుల్లో, బ్యాంకుల్లో నడిచే సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో వేస్తే, 2023 ఏప్రిల్ నుంచి అమలైన 8.2 శాతం వడ్డీ ప్రకారం మూడు నెలలకోసారి రూ.41,000, అంటే నెలకు సుమారు రూ.13,600 అందుతుంది. 60 నిండనివారు బ్యాంకులో 6.5 శాతానికి వేసుకున్నా నెలకు రూ.10,800 పైచిలుకు వస్తుంది. పల్లెలో పై అంతస్తును అద్దెకు తీసుకునేవారు అరుదు. పిల్లలు హైదరాబాద్‌లోనో, మళ్లీ దుబాయ్‌లోనో ఉంటే ఆ గదుల్లో వడ్ల బస్తాలు, పెళ్లినాటి సామాను తప్ప మనుషులు ఉండరు. కనుక పై అంతస్తు అసలు ఖరీదు 20 లక్షలు కాదు, ముసలితనంలో ప్రతి నెలా రావలసిన ఆ 13,600 రూపాయలు. ముందు నెలసరి రాబడికి తగినంత పక్కన పెట్టి, మిగిలినదానికి తగిన ఇల్లు కట్టుకోవాలి. ఊళ్లలో మాత్రం ముందు ఇల్లు కట్టి, మిగిలినదానితో బతకాలని చూస్తున్నారు. సాధారణంగా మిగిలేది ఏమీ ఉండదు.

మిగలకపోగా అప్పు తేలుతుంది. గోడలు, స్లాబు వరకు పంపిన డబ్బు సరిపోతుంది. తలుపులు, టైల్స్, ఎలివేషన్, గృహప్రవేశం భోజనాల దగ్గరికి వచ్చేసరికి చేతిలో ఉన్నది అయిపోయి, వందకు నెలకు రెండు రూపాయల మిత్తికి అప్పు తెస్తారు. రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం, రూ.5 లక్షల అప్పుకు వడ్డీయే నెలకు రూ.10,000. ఈ వడ్డీ కట్టడానికే యాభై దాటిన మనిషి మళ్లీ వీసా వెతుక్కుంటాడు. విశ్రాంతి కోసం కట్టుకున్న ఇల్లే అతన్ని మళ్లీ విమానమెక్కిస్తుంది.

దీన్ని ఆడంబరమని కొట్టిపారేయడం అన్యాయం. పిల్లల మొదటి అడుగులు చూడని తండ్రి, తల్లి కడసారి చూపు దక్కని కొడుకు, ఆ ఎడబాటుకు ప్రతిఫలంగా ఊరికి చూపించగలిగినది ఒక్క ఇల్లే. లేబర్ క్యాంపు గదిలో ఒకదానిపై ఒకటిగా అమర్చిన మంచాల మధ్య ఇరవై ఏళ్లు పడుకున్న మనిషికి విశాలమైన హాలు కావాలనిపించడం సహజమే. అయితే ఆ కోరిక తీరడానికి ఒక అంతస్తు చాలు.

ఇల్లు ఎవరి పేరున ఉందన్నది అంతకన్నా గట్టి ప్రశ్న. దూరాన ఉన్నవాడు పంపిన డబ్బుతో స్థలం తండ్రి పేరనో, తమ్ముడి పేరనో రిజిస్టరు కావడం ఈ ప్రాంతాల్లో మామూలు; అన్నదమ్ముల మధ్య మాట చెడిన రోజున డబ్బు తనదేనని నిరూపించినా ఆస్తి దక్కించుకోవడం కష్టం. ఒకరి సొమ్ముతో మరొకరి పేరున కొనే లావాదేవీని బేనామీ అంటారు. 2016లో సవరించిన బేనామీ నిషేధ చట్టం, భార్య లేదా భర్త పేరున, పిల్లల పేరున చట్టబద్ధమైన ఆదాయంతో కొన్నవాటిని మినహాయించింది. తోబుట్టువులు, తల్లిదండ్రుల విషయంలో మాత్రం పత్రంలో ఇద్దరి పేర్లూ ఉమ్మడి యజమానులుగా ఉంటేనే మినహాయింపు వర్తిస్తుంది. అందువల్ల పత్రంలో సొంత పేరు ఉండటం ఎంత ముఖ్యమో, డబ్బు బ్యాంకు ద్వారానే రావడం అంతే ముఖ్యం. రెండు రూపాయలు ఎక్కువ వస్తాయని హుండీ మార్గంలో, అంటే బ్యాంకుతో సంబంధం లేకుండా చేతులు మారే పద్ధతిలో పంపిన సొమ్ముకు రేపు ఎక్కడా ఆధారం దొరకదు.

వ్యవసాయ భూమి విషయంలో చాలామందికి తెలియని నిబంధన మరొకటి ఉంది. విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం ప్రకారం, ఉద్యోగం కోసం విదేశాల్లో ఉంటున్న భారతీయుడు ఇక్కడ ఇల్లు, ఇంటి స్థలం కొనవచ్చు గానీ పొలం, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు; వారసత్వంగా వచ్చినవి ఉంచుకోవచ్చు. గల్ఫ్‌లో ఉండగా రెండెకరాలు కొనిపెట్టుకోవాలనుకునేవారు, తిరిగి వచ్చి స్థిరపడ్డాకే ఆ పని చేయాలి. ఊరి నడుమ ఉన్న గ్రామకంఠం స్థలాలది వేరే చిక్కు: తరతరాలుగా నివాసం ఉన్నా చాలావాటికి రిజిస్టరైన పత్రాలు లేవు. పత్రం లేని స్థలంలో 40 లక్షల ఇల్లు కట్టినా దాన్ని అమ్మడం, తాకట్టు పెట్టడం కష్టం. వృద్ధులు ఇంటిని తనఖా పెట్టి బ్యాంకు నుంచి నెలనెలా డబ్బు పొందే రివర్స్ మార్టిగేజ్ పథకం 2007 నుంచి దేశంలో ఉన్నా, స్పష్టమైన హక్కుపత్రం లేని పల్లె ఇంటికి అది అందదు.

ఇల్లు కట్టి చూడు అన్నది సామెత. గల్ఫ్ కార్మికుడు కట్టిస్తాడు గానీ చూడడు. శుక్రవారం సెలవు పూట వీడియో కాల్‌లో స్లాబు పోత చూస్తాడు, అసలు చూడవలసిన పని ఆ తరువాతి పది రోజుల్లో జరుగుతుంది. పోసిన మర్నాడు స్లాబు మీద సన్నని సిమెంటు గట్లు కట్టి, పొలంలో మళ్లలాగా విడగొట్టి, ఒక్కో మడిలో రెండంగుళాల నీరు నిలపాలి. కాంక్రీటుపై భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం సాధారణ సిమెంటుకు కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ వంటివి కలిసిన సిమెంటుకు కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. మే నెల ఎండలో పొద్దున నిలిపిన నీరు సాయంత్రానికి ఇగిరిపోతుంది. బోరుకు కరెంటు లేని రాత్రి మళ్లలో నేల తేలి, తెల్లారేసరికి వెంట్రుకవాసి చీలికలు కనబడతాయి. ఐదేళ్ల తరువాత వానాకాలంలో పడకగది పైకప్పు ఉరిసేది ఆ చీలికల్లోంచే. కూలి గుత్తకు ఒప్పుకున్న మేస్త్రీ బాధ్యత పోతతో తీరిపోతుంది కాబట్టి, నీళ్లు పట్టే పనికి వేరుగా మనిషిని పెట్టి, అతనికి వేరుగా కూలి ఇవ్వడం మంచిది. ఇంకా మేలైనది, ఊరికి వచ్చే సెలవును గృహప్రవేశానికి కాక స్లాబుకు వాడుకోవడం.

బ్యాంకు ఖాతాల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. విదేశీ సంపాదన జమ చేసుకునే ఎన్ఆర్ఈ ఖాతా వడ్డీపై పన్ను లేకపోవడం బయట ఉన్నంతకాలమే. స్థిరపడే ఉద్దేశంతో తిరిగి రాగానే దాన్ని స్థానిక ఖాతాగా మార్చుకోవాలి, అప్పటి నుంచి వడ్డీ పన్ను లెక్కలోకి వస్తుంది. విదేశీ కరెన్సీలోనే ఉంచే ఎఫ్‌సీఎన్ఆర్ డిపాజిట్‌ను గడువు తీరేవరకు అలాగే కొనసాగించవచ్చు. పన్ను భయంతో ఖాతా మార్చకుండా దాచేవారు ఉన్నారు గానీ, 2025-26 నుంచి కొత్త ఆదాయపు పన్ను విధానంలో రూ.12 లక్షల వరకు ఆదాయానికి రిబేటు వల్ల పన్ను పడదు కనుక, సామాన్య కార్మికుడికి ఆ భయం అక్కర్లేదు. ఖాతా మారితేనే సీనియర్ సిటిజన్ల పథకంలో, పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో చేరవచ్చు. ప్రవాసులకు అవి రెండూ నిషిద్ధం.

ఆరోగ్య బీమా విషయంలో ఏళ్ల ముందుచూపు కావాలి. పాలసీ తీసుకునేనాటికే ఉన్న షుగర్, బీపీ వంటి జబ్బులకు చెల్లింపులు ఆపే నిరీక్షణ కాలం 2024 నిబంధనల ప్రకారం గరిష్ఠంగా మూడేళ్లు. తిరిగి రావడానికి మూడేళ్ల ముందే ఊళ్లో కుటుంబంతో కలిపి పాలసీ తీసుకున్నవాడికి, వచ్చిన రోజు నుంచే రక్షణ ఉంటుంది. ప్రభుత్వాల తీరులో ఒక పెద్ద లోటు ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు రూ.5 లక్షల పరిహారం ప్రకటించింది, అది అవసరమైన పనే. కానీ ప్రాణాలతో తిరిగి వచ్చి ముసలివాడయ్యే కార్మికుడి కోసం, కేరళలో 2008 చట్టంతో వచ్చిన ప్రవాసీ సంక్షేమ బోర్డులాగా చందా కట్టించుకుని పింఛను ఇచ్చే ఏర్పాటు తెలుగు రాష్ట్రాల్లో నిలదొక్కుకోలేదు. కేంద్రం 2012లో మొదలుపెట్టిన మహాత్మాగాంధీ ప్రవాసీ సురక్షా యోజన, చేరినవారు చాలా తక్కువగా ఉండటంతో 2017లో మూతపడింది. వలసకు ముందు ఒక్క పూట కూర్చోబెట్టి ఆ పథకాన్ని అర్థమయ్యేలా చెప్పి ఉంటే చేరేవారి సంఖ్య వేరుగా ఉండేది.

డాబా మీది చువ్వలను కోసేయనక్కర్లేదు. వైర్ బ్రష్‌తో తుప్పు గీకి, చిక్కని సిమెంటు పాలు పూసి, మొదళ్ల చుట్టూ పలచని కాంక్రీటు దిమ్మె పోసి కప్పితే, లోపలి పిల్లర్‌లోకి తుప్పు దిగకుండా ఆగుతుంది. అందుకు పట్టేది రెండు మూడు బస్తాల సిమెంటు, ఒక మేస్త్రీ రెండు రోజుల కూలి. కొడుకో కూతురో ఆ ఊళ్లోనే ఉంటామని నిర్ణయించుకుని, తమ సంపాదనతో పైన గదులు వేసుకోదలచిన నాడు, ఆ దిమ్మెలు పగలగొట్టి చువ్వలకు చువ్వలు కట్టుకుంటారు.